నీరు పల్లమెరుగు, మరి పెట్రోలు?



కరెంటు పోయిన రాత్రులు గుర్తున్నవాళ్లకి కిరసనాయిలు బుడ్డి కూడా గుర్తుండే ఉంటుంది. బుడ్డి నింపుతుంటే చెయ్యి వణికి ఒక్క చుక్క పక్కనున్న నీళ్ల బకెట్లో పడేది. ఆ చుక్క మునగదు. కన్ను మూసి తెరిచేలోగా బకెట్టంతా పరుచుకుని నెమలిపింఛం రంగులు తేలుస్తుంది. పైపైన చెంబుతో ఎంత తోడినా వాసన పోదు. చివరికి విసుక్కుంటూ బకెట్టు నీళ్లన్నీ పెరట్లో కుమ్మరించేవాళ్లం. కుమ్మరించిన ఆ నీళ్లు ఎటు పోయాయో అప్పుడు మనం ఆలోచించలేదు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. కాకపోతే ఒలికింది ఒక్క చుక్క కాదు. నేలలో పాతిపెట్టిన పెట్రోలు ట్యాంకు చిల్లు పడి నెలల తరబడి కారితే, ఆ సంగతిని ఎవరు, ఎలా పసిగడతారన్నది మన విషయం.

ఒక చిన్న పట్నం అనుకుందాం. మెయిన్ రోడ్డు మీద పాత పెట్రోలు బంకు. దాని వెనక రెండు వీధుల అవతల, కాస్త మెరకమీద ఒక ఇల్లు, ఇంటి పెరట్లో చేదబావి. ఓ వేసవి ఉదయం ఆ ఇంటావిడ నీళ్లు తోడి బిందె ఎత్తుకోబోతే గుప్పున వాసన. ఇరుగుపొరుగు పోగయ్యారు. బంకు దగ్గరికి వెళ్లి అడిగితే వచ్చిన జవాబు ఇది: "మా ట్యాంకు గుండ్రాయిలా ఉంది. అయినా మీ ఇల్లు మాకంటే ఎగువన ఉంది కదమ్మా. నీరు పల్లమెరుగు అంటారు. మా దగ్గర కారిందే అనుకున్నా మీ బావికి ఎక్కి ఎలా వస్తుంది?"

వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఆ సామెతకి రెండో సగం కూడా ఉంది: నిజం దేవుడెరుగు. ఈ తగాదాలో ఆ రెండు సగాలూ పనికొస్తాయి. దర్యాప్తు అంతా అయ్యాక మళ్లీ ఈ బావి దగ్గరికే వద్దాం.

ముందు పెట్రోలు నేలలో ఎలా ప్రయాణం చేస్తుందో చూద్దాం. చిల్లులోంచి బయటపడగానే అది నేరుగా వెళ్లి నీళ్లలో కలవదు. ట్యాంకు చుట్టూ నింపిన ఇసుకలోకి జారుతుంది, అక్కణ్ణించి మట్టిలోకి దిగుతుంది. గోనెపట్టా నీటిని పీల్చుకున్నట్టు ప్రతి పొరా తన వంతు పట్టుకుని మిగిలింది కిందికి వదులుతుంది. ఒకసారి ఒలికి ఆగిపోతే మట్టే దాన్ని మింగేస్తుంది. రోజూ కారితే మాత్రం మట్టి కడుపు నిండిపోతుంది, మిగిలింది భూగర్భ జలం దాకా దిగుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో, లీటరు నీటి బరువు కిలో. అందుకే అది నీటి మీద తేలుతుంది. తేలుతూ అక్కడే కూర్చోదు. కొంత ఆవిరై నేల సందుల్లోంచి పైకి వస్తుంది, కొంత నీటిలో కరిగి నీటితోపాటు నడుస్తుంది. కరిగి నడిచే ఆ కొంత కంటికి కనపడదు. ప్రమాదం ఉన్నది అందులోనే.

అలా కరిగేవాటిలో ముందు చెప్పుకోవలసింది బెంజీన్. ఇది మనుషులకు క్యాన్సర్, ముఖ్యంగా రక్త క్యాన్సర్, తెచ్చే పదార్థమని నిర్ధారణ అయింది. లీటరు తాగునీటిలో 10 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అమెరికాలో ఆ హద్దు 5 మైక్రోగ్రాములే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. మన దేశంలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక పాలు దాకా ఉండవచ్చు. చిన్న లెక్క వేసుకుందాం. లీటరు పెట్రోలులో బెంజీన్ 10 మిల్లీలీటర్లు, బరువులో చెప్పాలంటే దాదాపు 9 గ్రాములు. అదంతా నీళ్లలో కరిగితే 8 లక్షల లీటర్లకు పైగా నీరు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత దాకా వెళ్లిపోతుంది. వేసవిలో మన వీధిలోకి వచ్చే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 170కి పైగా నిండే నీరు అది. పాడు చెయ్యడానికి ఒక్క లీటరు పెట్రోలు చాలు.

సరే, కారుతోందని తెలిసేదెలా? చాలామంది అనుకునేది, మొదటి సాక్షి బావి అని. కాదు. బావి చెప్పేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. మొదటి సాక్షి లెక్కల పుస్తకం.

పొద్దున్నే ఏదైనా బంకుకి వెళ్లి చూడండి. కుర్రాడొకడు నేలమీది మూత తీసి అంకెలు చెక్కిన పొడవాటి కడ్డీని ట్యాంకులోకి దింపుతాడు. దాన్నే డిప్ రాడ్ అంటారు. దింపే ముందు కడ్డీ అడుగు భాగానికి ఒక పేస్టు పూస్తాడు. ట్యాంకు అడుగున నీరు ఉంటే ఆ పేస్టు ఎర్రబడుతుంది. కడ్డీ పైకి తీసి తడి ఎంతవరకు ఉందో చూసి, ఆ అంకెను చార్టుతో సరిపోల్చి ఇన్ని లీటర్లని రాస్తాడు. కొత్త బంకుల్లో ఈ పని మిషనే చేస్తోంది. ఎవరు చేసినా సూత్రం ఒకటే. నిన్నటి నిల్వకు వచ్చిన లోడు కలపాలి, అమ్మింది తియ్యాలి. మిగలాల్సిన దానికీ, కడ్డీ చూపించిన దానికీ తేడా ఎంత?

తేడా రోజూ వస్తుంది. పెట్రోలు ఎండకు ఉబ్బే సరుకు. పది వేల లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ వేడెక్కితే పది లీటర్ల పైన పెరుగుతుంది, చల్లబడితే అంతే తగ్గుతుంది. ఇప్పుడు సెకనుకు ఒక చుక్క చొప్పున కారే చిల్లును తీసుకోండి. రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. అంటే ఆ కారుడు ఒక్క డిగ్రీ ఎండ చాటున దాక్కోగలదు. ఆ చిల్లు ఏడాదికి తీసుకుపోయేది పదిహేను వందల లీటర్ల పైమాట. మరి లెక్కలో దాన్ని పట్టుకునేదెలా? ఒక రోజు తేడా చూస్తే దొరకదు, నెల మొత్తం వరసగా చూస్తే దొరుకుతుంది. ఎండవల్ల వచ్చే తేడా ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువగా వచ్చి నెల తిరిగేసరికి సరిపోతుంది. చిల్లువల్ల వచ్చే తేడా ఎప్పుడూ ఒకవైపే. రోజూ తగ్గుతూనే ఉంటుంది, ఒక్కరోజు కూడా పెరగదు. దర్యాప్తుకి వచ్చినవాళ్లు బంకు మేనేజరుని మొట్టమొదట అడిగేది అందుకే: "గత రెండేళ్ల డిప్ రిజిస్టర్లు బయటికి తియ్యండి."

లెక్కల పుస్తకం చెప్పిన మాట వినకపోతే ఏమవుతుందో హవాయి దీవుల్లో చూశాం. హొనొలులూ నగరం పక్కన రెడ్ హిల్ అనే కొండ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940-43 మధ్య, అమెరికా నౌకాదళం ఆ కొండ కడుపు తొలిచి 20 ట్యాంకులు కట్టింది. ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తు, 100 అడుగుల వ్యాసం. ఒక్కోదానిలో సుమారు 4 కోట్ల 70 లక్షల లీటర్ల ఇంధనం పడుతుంది. ట్యాంకుల అడుగుకి దాదాపు వంద అడుగుల కింద ఊరు తాగే మంచినీటి పొర. 2014లో ఒక ట్యాంకు నుంచి లక్ష లీటర్లకు పైగా కారిపోయింది. అయినా ట్యాంకులు నడుస్తూనే వచ్చాయి.

2021 మే నెలలో గొట్టాల దగ్గర పొరపాటు జరిగి విమాన ఇంధనం ఒలికింది. కొద్దిగానే ఒలికిందనీ, చాలావరకు ఎత్తేశామనీ అనుకున్నారు. నిల్వ లెక్కలో మాత్రం సుమారు 75 వేల లీటర్లు కనపడలేదు. ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. పోయిన ఇంధనం నేలలోకి దిగలేదు, ఆవిరీ కాలేదు. మంటలార్పే ఏర్పాటులో భాగమైన ఒక గొట్టంలోకి చేరి నెలల తరబడి చప్పుడు లేకుండా కూర్చుంది. నవంబరు 20న సొరంగంలో తిరిగే చిన్న రైలుబండి ఆ గొట్టం కవాటాన్ని గుద్దితే ఇంధనం బయటికి చిమ్మి మంచినీటిలో కలిసింది. మే నెలలో లెక్కలోంచి మాయమైన ఇంధనం నవంబరులో కుళాయిల్లోంచి వచ్చింది. నౌకాదళం నీటి సరఫరా మీద ఆధారపడినవాళ్లు సుమారు 93 వేల మంది. నీళ్లలో ఇంధనం వాసన, తలనొప్పులు, వాంతులు, ఒంటిమీద దద్దుర్లు. కుటుంబాలు ఇళ్లు వదిలి హోటళ్లకు చేరాయి. 2022 మార్చిలో అమెరికా రక్షణ మంత్రి ఆ ట్యాంకులను శాశ్వతంగా మూసెయ్యమన్నారు.

కొండంత ట్యాంకైనా, మన వీధి బంకైనా నీతి ఒకటే. లెక్క తేలనప్పుడు, పోయిన సరుకు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

లెక్క తరవాత సాక్షి ముక్కు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పల్లాల్లో, సెల్లార్లలో, మురుగు మ్యాన్‌హోళ్లలో పేరుకుంటుంది. అందుకే దర్యాప్తు బృందం ఊళ్లో అడుగుపెట్టగానే పలుగూ పారా పట్టుకోదు. ఆవిరిని కొలిచే మీటరు పట్టుకుని మ్యాన్‌హోళ్లూ సెల్లార్లూ చూసుకుంటూ నడుస్తుంది. మొదట చూసేది నిప్పు అంటుకునే ప్రమాదం ఉందా అని. నీటి సంగతి తరవాత, మనుషులు ముందు. ఇంకో సంగతి. కేబుళ్ల కోసం, పైపుల కోసం తవ్వి వదులుగా పూడ్చిన కాలువలు ఉంటాయి. నేలలో అవి పెట్రోలుకు వేసిన బైపాస్ రోడ్లు. బంకులో కారింది మట్టిలో అంగుళం అంగుళం నడవాల్సిన పని లేకుండా, కేబుల్ కాలువ పట్టుకుని వంద గజాల అవతల ఎవరింట్లోనో వాసన వేస్తుంది.

తరవాత మట్టి దగ్గరికి వద్దాం. ట్యాంకు చుట్టూ, గొట్టాల వెంట, పంపుల కింద చిన్న చిన్న బోర్లు వేసి అడుగడుగుకీ మట్టిని పైకి తీస్తారు. చాలా చోట్ల కారేది ట్యాంకు కాదు, గొట్టాలూ అతుకులే. ట్యాంకు లోపలే మోటారు ఉండి పెట్రోలుని ఒత్తిడితో తోసే పద్ధతిలో గొట్టానికి చిల్లు పడితే, మోటారు నడిచినంతసేపూ నేలలోకి పిచికారీయే. తీసిన మట్టిని చిన్న సంచిలో కట్టి కాసేపు ఎండలో పెట్టి, లోపలి ఆవిరిని మీటరుతో పీల్చి చూస్తారు. మూడు అడుగుల దగ్గర సున్నా, పది అడుగుల దగ్గర కొద్దిగా, పదిహేను అడుగుల దగ్గర ముల్లు ఎగిరిపడితే, పైనుంచి దిగింది కాదు, పక్కనుంచి నీటిమట్టం మీద తేలుకుంటూ వచ్చిందని అర్థం. పైనుంచి కిందిదాకా ఒకేలా కంపు కొడితే మీరు నిలబడ్డదే కారిన చోటు. ఒకే బోరులో తీసిన మట్టి ముద్దలు వరసగా పెట్టి చూస్తే ఇంత కథ చెబుతాయి.

ఇక నీరు. ఇక్కడే మన దగ్గర చాలా పరీక్షలు తప్పిపోతాయి. వాసన వేసిన బావిలోంచి ఖాళీ మినరల్ వాటర్ సీసాలో సగానికి నీళ్లు పట్టి, మోటారు సైకిలు సంచిలో పెట్టుకుని, ఎండలో జిల్లా కేంద్రానికి తీసుకెళ్లి ల్యాబులో ఇస్తారు. నాలుగు రోజులకు రిపోర్టు వస్తుంది: బెంజీన్ లేదు. నిజమే, సీసాలో లేదు. దారిలోనే ఎగిరిపోయింది. ఇలాంటి నమూనాకి ఒక మర్యాద ఉంది. నలభై మిల్లీలీటర్లు పట్టే గాజు సీసా కావాలి. నీటిలో సూక్ష్మజీవులు బెంజీన్‌ని తినెయ్యకుండా అందులో ముందే రెండు చుక్కలు ఆమ్లం వేసి ఉంచాలి. నీరు గలగలా పొయ్యకుండా సీసా గోడ వెంట మెల్లగా జార్చాలి. అంచు మీద నీరు ఉబ్బి నిలిచేదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో కొట్టి చూస్తే లోపల ఆవగింజంత గాలి బుడగ కూడా కనపడకూడదు. కనపడితే మళ్లీ పట్టాలి. తరవాత ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకి చేర్చాలి, రెండు వారాల లోపల పరీక్ష పూర్తి కావాలి. ఆ గాలి బుడగ దగ్గర తేడా వస్తే కోర్టు దాకా వెళ్లిన కేసు కూడా అక్కడే తేలిపోతుంది.

బావి విషయంలోనూ ఇలాంటిదే ఒక చిక్కు ఉంది. ఊళ్లో ఉన్న మూడు, నాలుగు వందల అడుగుల బోరులో నీళ్లు పరీక్షిస్తే, పైన తేలే పెట్రోలు సంగతి తెలియదు. పై పొరను కేసింగు పైపు మూసేస్తుంది కదా. దర్యాప్తు బావికి జల్లెడలా చీలికలున్న గొట్టం వేస్తారు. ఆ చీలికలు నీటిమట్టానికి కొంత పైనా, కొంత కిందా ఉండాలి. నీటిమట్టం వానాకాలంలో పెరిగినా, వేసవిలో తగ్గినా తేలేది గొట్టంలోకి రావాలి. అలాంటి బావిలోకి గాజులాంటి పారదర్శక గొట్టాన్ని తాడుతో దింపి పైకి తీస్తే, కింద నీరు, పైన లేత పసుపు రంగులో పెట్రోలు, మధ్యలో గీత. చేటంత రిపోర్టు చెప్పలేనిది ఆ గీత చెబుతుంది.

ఇప్పుడు మన మెరక ఇంటి బావి దగ్గరికి వద్దాం. నేల ఎటు పల్లమో కంటికి తెలుస్తుంది. నేలలోపలి నీటికి ఎటు పల్లమో తెలియాలంటే కనీసం మూడు బావులు కావాలి. రెండు చాలవు. రెండు బిందువులు కలిపితే గీత వస్తుంది, మూడు కలిపితేనే వాలు తెలుస్తుంది. మూడు బావులు ముక్కోణంలో వేసి, ముందు ఒక్కొక్కదాని అంచు ఎత్తును సర్వే చేసి కొలుస్తారు. తరవాత అంచు నుంచి నీరు ఎంత లోతులో ఉందో చూస్తారు. మన పట్నంలో లెక్క ఇలా వచ్చిందనుకోండి. బంకు దగ్గర బావి అంచు ఎత్తు 52 మీటర్లు, నీరు 4 మీటర్ల లోతు. అంటే నీటి ఎత్తు 48. చెరువు వైపు, దిగువన, అంచు 51.20, నీరు 3.35 లోతు. నీటి ఎత్తు 47.85. మెరక ఇంటి దగ్గర అంచు 53.50, నీరు 6.10 లోతు. నీటి ఎత్తు 47.40. చూశారా? నేలమీద అందరికన్నా ఎగువన ఉన్న ఇంటి కిందే నీరు అందరికన్నా పల్లంలో ఉంది!

ఎందుకలా? ఆ ఇంటి వెనక నిరుడు లేచిన అపార్టుమెంటు. అందులో రెండు బోర్లు పొద్దుటి నుంచి రాత్రి దాకా నడుస్తున్నాయి. అంత నీరు లాగేసరికి చుట్టూ నేలలో నీటిమట్టం గిన్నెలా గుంటపడింది. ఆ గుంటలోకి బంకు కింది నీరు జారుతోంది. సామెత తప్పలేదు, నీరు పల్లమెరుగునే. ఆ పల్లాన్ని చేసింది మాత్రం మన మోటారు. 2021 డిసెంబరులో హొనొలులూ నగర జలమండలి రెడ్ హిల్‌కి దగ్గరలో ఉన్న తన పెద్ద బావిని తనే ఆపేసుకుంది. అప్పటికి దాని నీరు పాడై కాదు. ఇంధనం కలిసిన నీటిని ఆ మోటారు తనవైపు లాక్కుంటుందేమోనన్న భయంతో.

పల్లం తేలింది. మరి కారింది ఎవరి పెట్రోలు? ఒకే కూడలిలో మూడు బంకులుంటే ముగ్గురూ చేతులు దులుపుకుంటారు. అమెరికాలో శాంటా మోనికా నగరం ఈ ఇబ్బందే పడింది. అప్పట్లో పెట్రోలు బాగా మండాలని అందులో ఎంటీబీఈ అనే రసాయనం కలిపేవారు. అది నీటిలో ఇట్టే కరుగుతుంది, మట్టికి అంటుకోదు, నీటితో సమంగా పరుగెడుతుంది. 1996లో నగరం తన బావులు మూసుకుంది. తాగునీటి సరఫరాలో దాదాపు సగం పోయింది. చుట్టూ రెండు డజన్లకు పైగా అనుమానిత చోట్లు. నేల కింద అన్నీ కలిసిపోయి ఏది ఎవరిదో విడదియ్యడానికే ఏళ్లు పట్టింది. ఆ తరవాత కాలిఫోర్నియా ఆ రసాయనాన్నే పెట్రోలులోంచి తీసేసింది.

విడదియ్యడానికి గుర్తులు లేకపోలేదు. ల్యాబులో పెట్రోలుకి ఒక రకం గీతలొస్తాయి, డీజిలుకి ఒక రకం, కిరసనాయిలుకి ఇంకో రకం. అలాగే కాలం గుర్తులు ఉంటాయి. మన దేశంలో 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. మట్టిలో ఆ రకం సీసం కనపడితే, అది ఇవాళ్టి యజమాని నాటి కారుడు కాదు, పాతిక సంవత్సరాల వెనకటిదని అర్థం. దర్యాప్తు దోషిని పట్టిస్తుంది, దోషం లేనివాణ్ణి కాపాడుతుంది కూడా.

మన నేలల తీరు కూడా చెప్పుకోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల్లో నీరు పైపైనే ఉంటుంది. కారింది త్వరగా నీటిని చేరుతుంది, కానీ దాని దారిని లెక్క కట్టడం కాస్త తేలిక. హైదరాబాదు చుట్టుపక్కల పైన మొరం, కింద గ్రానైటు. రాతి పగుళ్లు ఎటుంటే పెట్రోలు అటే. పక్క ఇంటి బోరు శుభ్రంగా ఉండి, నాలుగిళ్ల అవతలి బోరు కంపు కొట్టడం అక్కడ వింత కాదు. వానాకాలంలో నీటిమట్టం పెరిగి వేసవిలో పడిపోయే చోట, తేలే పొర కూడా లేచి దిగుతూ మట్టికి పూత పూసినట్టు పూసేస్తుంది. అందుకే వేసవిలో మాయమైన వాసన తొలకరికి మళ్లీ వస్తుంది.

వానాకాలంలో ఇంకో ఫిర్యాదు వింటుంటాం. పెట్రోలు కొట్టించాం, బండి ఆగిపోయింది, ట్యాంకులో నీళ్లున్నాయట అని. చాలాసార్లు ఆ నీళ్లు పైమూత దగ్గర నుంచి దిగినవే కావచ్చు. ప్రతిసారీ అలా అనుకుని వదిలెయ్యకూడదు. నీరు లోపలికి రాగలిగిన చిల్లులోంచి, నీటిమట్టం తగ్గాక పెట్రోలు బయటికి పోగలదు. పెట్రోలులో నీళ్లూ, నీళ్లలో పెట్రోలూ ఒకే చిల్లుకి రెండు ముఖాలు కావచ్చు. పెట్రోలులో కలిసేది నీళ్లొక్కటే కాదు. ఇప్పుడు అందులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలుస్తోంది. నేలలోని సూక్ష్మజీవులు ఇథనాల్‌ని ఇష్టంగా ముందు తింటాయి. ఆ తిండికి అక్కడున్న ఆక్సిజన్ అయిపోతుంది. బెంజీన్ వంతు వచ్చేసరికి విస్తరి ఖాళీ. కాబట్టి బెంజీన్ ఇంకాస్త దూరం నడుస్తుంది.

అలాగని నేల చేతులు కట్టుకుని కూర్చోదు. అమెరికాలోని మిన్నెసోటాలో బెమిడ్జీ ఊరి దగ్గర 1979లో గొట్టం పగిలి ముడి చమురు నేలపాలైంది. శాస్త్రవేత్తలు ఆ చోటుని 1983 నుంచి పరిశోధనశాలగా చేసుకున్నారు. నేలలోని సూక్ష్మజీవులు బెంజీన్‌ని తింటూ, అది నీటివేగంతో ముందుకు పోకుండా ఆపుతున్నాయని అక్కడ తేలింది. కారడం ఆపి, తేలేదాన్ని తోడేసి, ఆవిరిని లాగేసి, చుట్టూ బావులు పెట్టి కాపలా కాస్తే మిగతాది నేల చూసుకుంటుంది. కారడం ఆపకుండా మాత్రం నేలమీద భారం వెయ్యకూడదు.

ఇది ఎక్కడో జరిగేది మాత్రమే కాదు. 2013లో చెన్నైలో, మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఉత్తర ప్రాంతంలో, తండయార్‌పేట ఇళ్ల బోర్లలో ఇంధనం వచ్చింది. అక్కడ కారింది బంకు ట్యాంకు కాదు, నేలలో వేసిన గొట్టం. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. కొత్త బంకులు బడులకు, ఆసుపత్రులకు, ఇళ్లకు 50 మీటర్ల దూరంలో ఉండాలని 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. పాడైన స్థలాలను గుర్తించి, పరిశోధించి, ఖర్చు పాడుచేసినవాళ్ల చేత పెట్టించే నియమాలు 2025 జులైలో వచ్చాయి. దారి ఉంది. దాన్ని పట్టుకుని నడిచేవాళ్లు కావాలి.

మీ బావిలో వాసన వస్తే చెయ్యాల్సింది చెబుతాను. తాగొద్దు. కాచి తాగుదాం అనుకోవద్దు, కాస్తే ఆవిరి వంటింటి నిండా నిండుతుంది. బావి దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు, మోటారు స్విచ్చి కూడా వెయ్యొద్దు, నిప్పురవ్వ చాలు. అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోను చెయ్యండి. తరవాత తహసీల్దారుకి, కాలుష్య నియంత్రణ మండలికి రాసివ్వండి. ఏ రోజు, ఏ వేళ వాసన వచ్చింది, ముందురోజు వాన పడిందా, పక్కన ఏ మోటార్లు నడుస్తున్నాయి, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. దర్యాప్తు చేసేవాళ్లకి ఆ కాగితం విలువ ఒక బోరంత.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. మన పెద్దలు నీటిని చూసి నేర్చుకున్నది మొదటి సగం, మనుషుల్ని చూసి నేర్చుకున్నది రెండో సగం అనిపిస్తుంది నాకు. మొదటి సగం చేతబట్టుకుని, దేవుడికి వదిలేసిన రెండో సగాన్ని రాబట్టుకోవడమే ఈ దర్యాప్తు. దానికి మూడు బావులు కావాలి, బుడగ లేని ఒక గాజు సీసా కావాలి. వాటికంటే ముందు, రేపు పొద్దున్న బంకులో కడ్డీ పైకి తీసే ఆ కుర్రాడు తడి ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకానే రాయాలి. నిన్నటి అంకెతో సరిపోయేలా కాదు, కడ్డీ చూపించినట్టు.